మూడుసార్లు గీకిన బుడిపె

ముప్పై నాలుగేళ్లుగా ఒకే పని చేస్తూ, ఆ పనిలో తనంత చెయ్యి తిరిగినవాడు చుట్టుపక్కల లేడనిపించుకున్న మనిషి. ఇంటి మనిషి ఒంట్లోని జబ్బు తనంతట తాను వచ్చి కళ్లెదుట కూర్చుంటే, దాన్ని మూడుసార్లు చాకుతో గీకి చెత్తబుట్టలో పారేశాడు. పని రాక అలా చేశాడా, పని మరీ బాగా వచ్చి చేశాడా? ఎన్నేళ్లు ఆలోచించినా ఇది తేలడం లేదు. పని రానివాడైతే బుడిపెని బుడిపెలాగే వదిలేసేవాడు, ఎవరో ఒకరి కంట పడేది. పని వచ్చినవాడు కాబట్టే ఆనవాలు మిగలకుండా నున్నగా గీకాడు.

ఆయన్ని అందరూ పళ్ల మేస్త్రి అనేవారు. డాక్టరు కాదు. డాక్టర్లు తీసి పంపిన కొలతల మీద కట్టుడు పళ్లు తయారుచేసే మనిషి. ఇంట్లో వీధి వైపు గదే ఆయన పనిచోటు. కిటికీ కింద పొడవాటి బల్ల, దాని మీద ఎన్నిసార్లు తుడిచినా వదలని ప్లాస్టర్ మరకలు, మైనం కరిగించే చిన్న దీపం, మెరుగు పెట్టడానికి గుడ్డచక్రం తగిలించిన మోటారు. మూడు గోడలకీ పైకప్పు దాకా అరలు. ఆ అరల నిండా ప్లాస్టర్ దవడలు, ఒక్కోదాని అడుగున పెన్సిల్‌తో తారీకు, మనిషి గుర్తు. ఏ ఒక్కటీ పారేసేవాడు కాదు. వీధిలో ఎదురైన మనిషి మొహం చూసి పోల్చుకోలేకపోయినా, ఆ మనిషి నవ్వితే మాత్రం ఏ అరలో ఎన్నో వరసో చెప్పేయగలడు. మాట తక్కువ. రోజంతా నోళ్లతోనే పని కాబట్టి సొంత నోటికి సెలవిచ్చాడని మేస్త్రి భార్య అంటూ ఉండేది.

ఆ భార్యకి అక్క, అంటే మేస్త్రికి వదిన, మేడ మీద గదిలో ఉండేది. ఇరవై ఎనిమిదేళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసింది. డిపోలో ఆవిడకి విజిలక్క అని పేరు. నోట్లో విజిల్ పెట్టుకునే తిట్టగలదు, విజిల్ తియ్యకుండానే నవ్వగలదు. తలుపు దగ్గర వేలాడే కుర్రాళ్లని లోపలికి పిలవడానికి ఆవిడ ఎప్పుడూ అరవలేదు. మీ అమ్మగారు ఏ స్టాపులో ఎక్కుతారో నాకు తెలుసు నాయనా అని నెమ్మదిగా అనేది, అంతే, తలుపు ఖాళీ. భర్త పోయి పదేళ్లయింది. పిల్లల్లేరు. దిగులుపడే తీరిక కూడా లేదు. రిటైరయిన నెలకే డిపో వాళ్లు వచ్చి, బస్టాండులో సాయంత్రం పూట మైకు మీరు పట్టుకుంటారా అని అడిగారు. అడగడమే ఆలస్యం.

ఆ మైకు కోసం బస్సు లేనివాళ్లు కూడా బస్టాండుకి వచ్చి కూర్చునేవారంటే అతిశయోక్తి కాదు. పదకొండో నంబరు ఇరవై నిమిషాలు ఆలస్యమైతే, పదకొండో నంబరు అలిగింది, డ్రైవరు బతిమాలుతున్నాడు, ఈలోగా మంచినీళ్లు తాగిరండి అని చెప్పేది. గొడుగు మర్చిపోయినవాళ్ల పేరు తెలియకపోతే గొడుగు రంగునీ, దాని చిరుగునీ, చిరుగుని బట్టి యజమాని స్వభావాన్నీ వర్ణించేది. ఒకాయన తన గొడుగు కాదని చెప్పలేక, అవునని ఒప్పుకోలేక, మూడు రోజుల తరవాత భార్యని పంపి తెప్పించుకున్నాడు.

ఆవిడకి కింది పళ్లన్నీ పోయి నాలుగేళ్లయింది. కింది సెట్టు మేస్త్రే చేశాడు. ఆ సెట్టుతో ఆవిడ వేయించిన శనగలు నమిలి చూపించి, మా మరిది చేసిన పళ్లు నా సొంత పళ్లకంటే నిజాయితీగా పని చేస్తున్నాయని వీధంతా చాటింది. మేస్త్రికి ఆ మాట చాలా రోజులు కడుపు నింపింది.

అలాంటి సెట్టు ఒకరోజు ఎడమపక్క నొక్కడం మొదలుపెట్టింది.

మేస్త్రి లోపలివైపు కాస్త అరగదీసి ఇచ్చాడు. వారం బాగుంది, మళ్లీ నొక్కింది. పాతబడిందిలే, కొత్తది చేద్దామని రెండు వీధుల అవతలున్న పళ్ల డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. డాక్టరమ్మ మెత్తటి ముద్ద నోట్లో పెట్టి కొలత తీసి పంపింది. మేస్త్రి ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక విడదీస్తే దవడ బొమ్మ వచ్చింది. ఎడమపక్క గట్టు మీద పెసరగింజంత బుడిపె.

ఇక్కడ మేస్త్రి పనిలోని ఒక సంగతి చెప్పాలి. కొలత తీసే ముద్దలో గాలిబుడగ చిక్కుకుంటే ఆ చోట చిన్న గుంట పడుతుంది. ప్లాస్టర్ పోసినప్పుడు ఆ గుంటలోకి వెళ్లి, బొమ్మ మీద బుడిపెగా తేలుతుంది. దాన్ని చాకుతో గీకి చదును చేయడం ప్రతి పనివాడూ మొదటి వారంలోనే నేర్చుకుంటాడు. మేస్త్రికి పని నేర్పిన గురువు చండశాసనుడు. బొమ్మ మీద బుడిపె కనిపిస్తే అది నీ తప్పు, నోటి తప్పు కాదు, నోటి మీద నెపం పెట్టకు అనేవాడు. ఆ మాట మేస్త్రి చేతి వేళ్లలోకి ఇంకిపోయింది. బుడిపె చూడగానే చాకు దానంతట అదే లేచేది.

గీకాడు. సెట్టు చేశాడు. సెట్టు అందంగా వచ్చింది, సరిగ్గా ఆ చోటే నొక్కింది. నొక్కక ఏం చేస్తుంది? దవడ మీద ఉన్నది బొమ్మ మీద లేకుండా పోయింది కదా.

రెండో కొలతలో బుడిపె శనగగింజంత ఉంది. ముద్ద సరిగ్గా కలపలేదేమోనని డాక్టరమ్మ మీద మనసులో విసుక్కుని మళ్లీ గీకాడు. ఆ సెట్టూ నొక్కింది. డాక్టరమ్మ నోరు తెరిపించి చూసింది. ఎడమపక్క చిగురు ఉబ్బెత్తుగానే ఉంది. సెట్టు రాపిడికి వాచిందనుకుని, పది రోజులు సెట్టు పెట్టుకోవద్దని చెప్పి, ఉప్పునీళ్లు పుక్కిలించమంది. ఆవిడ సెట్టుని అనుమానించింది, ఈయన ప్లాస్టర్‌ని అనుమానించాడు. దవడని ఎవరూ అనుమానించలేదు.

ఆ నెలల్లోనే వదిన మారిపోతూ వచ్చింది. మేడ మెట్లు సగంలో ఆగి ఎక్కేది. ఎముకలు నొప్పులనేది. ఇరవై ఎనిమిదేళ్లు నిలబడ్డ కాళ్లు ఇప్పుడు జీతం అడుగుతున్నాయని తనే సర్ది చెప్పేది. ఎన్ని నీళ్లు తాగినా దాహం. చెల్లెలు చెప్పిన మాట పొద్దున్నకి గుర్తుండేది కాదు. అన్నిటికంటే మైకు సంగతి. పదకొండో నంబరు ఇరవై నిమిషాలు ఆలస్యం అని మాత్రమే చెప్పి ఆపేసేది. అలకా లేదు, బతిమాలడమూ లేదు. మైకులో ఎవరో కొత్తావిడ వచ్చినట్టుందే అని ఒక ప్రయాణికుడు అన్నాడట. ఆ మాట ఎవరో మోసుకొచ్చి చెబితే, వదిన నవ్వలేదు. అది చూసి చెల్లెలు వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది.

ఇదంతా తన సెట్టు వల్లేనని మేస్త్రి నమ్మాడు. తిండి సరిగ్గా నమలలేక మనిషి నీరసపడుతోంది, నోరు నొప్పెట్టి మాట తగ్గించింది అనుకున్నాడు. మూడోసారి డాక్టరమ్మని ఖరీదైన రబ్బరు ముద్దతో కొలత తియ్యమన్నాడు. ప్లాస్టర్ తనే జల్లెడ పట్టాడు. బుడగలు పోవడానికి మోటారుతో వణికే చిన్న బల్ల మీద అచ్చు పెట్టి, బొట్టు బొట్టుగా, కుంచె మొనతో లోపలికి జార్చాడు. గంటసేపు పక్కనే కూర్చుని కాపలా కాశాడు. విడదీస్తే బొమ్మ అద్దంలా వచ్చింది. ఎక్కడా సూదిమొనంత లోపం లేదు. ఎడమపక్క మాత్రం, అదే చోట, వేరుశనగ పలుకంత బుడిపె.

చాకు లేచింది, గీకింది. రాలిన పొడిని నోటితో ఊదబోయి ఆగిపోయాడు.

బుడగలు ఎక్కడపడితే అక్కడ వస్తాయి. ఒకసారి ముందు, ఒకసారి వెనక, ఒకసారి అసలుండవు. మూడుసార్లూ అదే చోట, ప్రతిసారీ కాస్త పెద్దదిగా. గాలికి అంత జ్ఞాపకశక్తి ఎక్కడిది?

రబ్బరు అచ్చు చెడలేదు. అందులోనే మళ్లీ ప్లాస్టర్ పోశాడు. భార్య తెచ్చిపెట్టిన టీ చల్లారి మీగడ కట్టింది. విడదీశాక ఈసారి చాకు ముట్టుకోలేదు. పై అరలోంచి నాలుగేళ్ల కిందటి వదిన బొమ్మని దింపి, రెండూ పక్కపక్కన పెట్టి, కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమాడు. పాత దాని మీద వేలు సాఫీగా జారింది. కొత్త దాని మీద గట్టు ఎక్కి దిగింది. బుడగైతే పూసలా గుండ్రంగా తేలి ఉంటుంది. ఇది నింపాదిగా, వెడల్పుగా, లోపల్నించి ఎవరో తోస్తున్నట్టు ఉంది. 

బొమ్మలు రెండూ తువ్వాలులో చుట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి నడిచాడు. ఆవిడ ఒక్క నిమిషం చూసి, వదినని వెంటనే పంపమంది. ఎక్స్‌రేలో ఎడమ దవడ ఎముక లోపల చెర్రీపండంత నల్లటి ఖాళీ కనిపించింది. దాని చుట్టూ ఎముక గుడ్డుపెంకులా పల్చబడి ఉంది.

పెద్దాసుపత్రిలో దవడల సర్జను పొడుగాటి మనిషి, మాటలు పొదుపుగా వాడేవాడు. వదిన ఆయనకి కత్తి డాక్టరని పేరు పెట్టింది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. పది రోజులకి రిపోర్టు వచ్చింది. అందులో పెద్ద పెద్ద కణాలున్నాయి, క్యాన్సరు కాదు, కానీ ఎముకని తినేస్తోంది. ఆ భాగం దవడ కోసి తీసేసి లోహపు పట్టీ వెయ్యాల్సి రావచ్చు, వచ్చే వారం వస్తే తారీకు ఇస్తాను అన్నాడు. ఈలోగా గట్టివేవీ నమలొద్దు, దవడ విరిగిపోగలదు అని కూడా చెప్పాడు.

క్యాన్సరు కాదన్న మాటకి చెల్లెలు చేతులెత్తి దండం పెట్టింది.  మర్నాడు మధ్యాహ్నం వదిన పనిగదిలోకి వచ్చి, ముక్కాలి పీట మీద కూర్చుని, అరల్లోని దవడల్ని కాసేపు చూసింది.

"దవడ కోయించుకున్నవాళ్లకి కూడా నువ్వు పళ్లు చేశావు కదా మరిదీ. వాళ్లకి మాట పోయిందా?"

అబద్ధం చెబుదామనుకున్నాడు, రాలేదు. "మాట పోదు వదినా. మాటతీరు మారుతుంది."

"తీరు పోయాక మిగిలేదేంటయ్యా, చప్పుడా?"

 ఆవిడ లేచి మేడ మీదికి వెళ్లిపోయింది. మెట్ల మీద మూడుసార్లు ఆగడం ఆయనకి వినిపించింది.

తారీకు తీసుకోవడానికి ఇద్దరూ సిటీ బస్సులో బయల్దేరారు. ఆవిడ పాత రూటే. కండక్టరు కుర్రాడు లేచి తన సీటిచ్చాడు. మేస్త్రి పక్కన నిలబడి, కమ్మీ పట్టుకుని, నాలుగు స్టాపులు దాటేవరకూ గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు. ఐదో స్టాపు దగ్గర చెప్పేశాడు. బుడిపె మొదటి కొలతలోనే కనిపించిందనీ, గాలిబుడగ అనుకున్నాననీ, ఒకసారి కాదు మూడుసార్లు తన చేత్తోనే గీకేశాననీ, ఐదు నెలలు తన వల్లే వృథా అయ్యాయనీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆవిడ మొహం చూడలేదు.

వదిన కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నది.

"అంటే కత్తి డాక్టరు చెయ్యబోయే ఆపరేషను నువ్వు ముందే మూడుసార్లు చేసి చూశావన్నమాట," అంది. "మత్తివ్వలేదని తప్ప నీ మీద నాకేం కోపం లేదు."

ఆపైన నవ్వింది. ఎన్నో నెలల తరవాత వచ్చిన నవ్వు కావడంతో మొదట తుప్పు పట్టినట్టుగా మొదలై, తరవాత బస్సు వెనక సీట్ల దాకా వెళ్లింది. మేస్త్రికి కూడా నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లతో సహా. ఏమిటో తెలియకపోయినా కండక్టరు కుర్రాడు కూడా నవ్వేసి, ఒక స్టాపులో విజిల్ వెయ్యడం మర్చిపోయాడు. వెయ్యమని ఆవిడే గుర్తు చేసింది.

ఆ హుషారులోనే ఆవిడ కత్తి డాక్టరు ముందు కూర్చుంది. ఆయన డైరీ తెరిచి, కలం మూత తీసి, తారీకుల కోసం చూస్తున్నాడు. వదిన సంచీలోంచి హోమియో గోళీల చిన్న సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. ఆ సీసా చూడగానే మేస్త్రికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అందులో ఉన్నవి ఆవిడ కిడ్నీ రాళ్లు. ఒకటి మూడేళ్ల కింద, ఒకటి కిందటేడు, వాటంతట అవే పడ్డాయి. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ నగలు చూపించినట్టు చూపించేది. ఒకసారి చెల్లెలి కోసం వచ్చిన బంధువులు టీ తాగకుండానే లేచిపోయారు.

"డాక్టరుగారూ, నా దవడలోంచి తీసింది పారెయ్యకండి. ఇందులో వేసుకుంటాను. సొంత సరుకంతా ఒకచోట ఉంటుంది."

కత్తి డాక్టరు సీసా తీసుకుని వెలుతురుకి ఎత్తిపట్టాడు. కదిపి చూశాడు. కలానికి మూత పెట్టేశాడు.

దాహం ఎక్కువగా ఉంటోందా అని అడిగాడు. ఎముకలు నొప్పులా, మలబద్ధకమా, మతిమరుపా, ఊరికే దిగులా. ప్రతిదానికీ ఆవిడ తలాడిస్తూ, ఇవన్నీ మా చెల్లెలు మీకు ఫోన్ చేసి చెప్పిందా అని అడిగింది. ఈ కణాల రిపోర్టు చూసినరోజే నేను అడగాల్సింది అని ఆయన తనలో తను అనుకున్నట్టు పైకే అన్నాడు. పొదుపరి నోటి నుంచి ఆ మాట రావడం మేస్త్రికి చాలా ధైర్యాన్నిచ్చింది. తప్పు చేసేవాళ్లలో తను ఒంటరి కాదు.

తారీకు ఇవ్వలేదు. రక్తపరీక్ష చీటీ ఇచ్చాడు.

రక్తంలో కాల్షియం ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువగా ఉందని తేలింది. అప్పుడు డాక్టరు కాగితం మీద మెడ బొమ్మ వేసి చూపించాడు. గొంతు దగ్గర థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. దాని వెనకాల బియ్యపుగింజంత గ్రంథులు నాలుగుంటాయి, పారాథైరాయిడ్లంటారు. రక్తంలో కాల్షియం ఎంతుండాలో చూసుకోవడం వాటి పని. ఆ నాలుగింట్లో ఒకటి పెరిగిపోయి, ఆపకుండా పనిచేస్తూ, ఎముకల్లో ఉన్న కాల్షియాన్ని లాగి రక్తంలో పోస్తోంది. ఎముకలు గుల్లబారాయి. దవడలో గుల్లబారిన చోట ఈ గడ్డ పుట్టింది. ఎక్కువైన కాల్షియం కిడ్నీల్లో రాళ్లు కట్టింది. అన్నీ ఒక తీగకి కాసినవే.

వదినకి విషయం వెంటనే బోధపడింది. డిపోలో అలాంటివాడొకడు ఉండేవాడట. డ్యూటీ దిగినా ఇంటికి పోడు, అడక్కుండానే అందరి పనీ చేస్తాడు, చివరికి డిపో మొత్తం పాడుచేసి పెడతాడు. వాణ్ణి బదిలీ చేశాకే అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇక్కడా అదే చెయ్యాలన్నమాట అంది. డాక్టరు మొదటిసారి నవ్వాడు. అవును, మెడ దగ్గర చిన్న కోత, ఆ ఒక్క గ్రంథిని తీసేస్తారు, దవడని ఇప్పుడు ముట్టుకోను అన్నాడు. గ్రంథి పోయాక చాలామందికి దవడ గడ్డ దానంతట అదే కరుగుతుంది. ఆరు నెలలు చూద్దాం. కరక్కపోతే అప్పుడు కోయక తప్పదు. కొన్ని ఇళ్లల్లో ఈ జబ్బు రక్తసంబంధీకులకి కూడా రావచ్చు కాబట్టి చెల్లెలి రక్తం కూడా చూపించమన్నాడు. చూపించారు. అంతా సరిగ్గా ఉంది. నా సున్నం పాళ్లన్నీ కుదిరాయి, ఇక మా ఆయన ప్లాస్టర్ పాళ్లే చూడాలి అని మేస్త్రి భార్య నాలుగిళ్లకి వినిపించేలా చెప్పింది.

మెడ ఆపరేషను గంటన్నరలో అయిపోయింది. తీసిన గ్రంథి చిక్కుడుగింజంత ఉంది. ఇంత చిన్నదానికా నేను మెట్ల మీద ఆగింది అని వదిన ఆశ్చర్యపోయింది. సీసాలో వేసుకుంటానని అడిగితే, పరీక్షకి పంపాలని ఇవ్వలేదు. రెండో రోజు ఆవిడకి పెదవుల చుట్టూ, వేళ్ల చివర్లలోనూ చీమలు పాకినట్టయింది. చెల్లెలు హడలిపోయింది. భయం లేదమ్మా, ఇన్నాళ్లూ మాడిన ఎముకలు ఇప్పుడు కాల్షియం దొరికిందని ఆబగా లాగేసుకుంటున్నాయి అని నర్సు చెప్పింది. నరానికి సూదిమందు, తరవాత పూటకి రెండేసి మాత్రలు ఇచ్చారు. వదిన ఆ మాత్రల్ని బలపాలంది.

ఇంటికొచ్చాక అసలు నిరీక్షణ మొదలైంది. ఆ ఆరు నెలలూ మేస్త్రికి ఒక కొత్త పని పడింది. నెలకోసారి డాక్టరమ్మ ఎక్కడా బరువు పెట్టకుండా, వెన్నలాంటి ముద్దతో కొలత తీసేది. ఆయన బొమ్మ పోసేవాడు. పోసే రోజు చాకుని భార్య చేతికిచ్చి వంటింట్లో పెట్టించేవాడు. ఆవిడ దాన్ని ఉల్లిపాయలు కోసే కత్తుల మధ్య దాచేది. అడిగినా ఇవ్వద్దని ఆయనే చెప్పాడు. ఆయన అడిగేవాడు కూడా.

మొదటి నెల బుడిపె ఉన్నంతే ఉంది. మేస్త్రి ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. వదిన మాత్రం మెట్లు ఒక్కసారి మాత్రమే ఆగి ఎక్కానని చెప్పింది. రెండో నెల బొమ్మని తడిమి తడిమి, తగ్గినట్టు అనిపిస్తోంది కానీ నా వేలిని నేను నమ్మను అన్నాడు. భార్య వచ్చి తడిమింది. తగ్గిందంది. పక్కింటావిణ్ణి పిలిచి తడిమించారు. చివరికి మైనపు రేకు బుడిపె మీద అద్ది, చల్లారాక అందులో పడ్డ గుంట లోతు కొలిచాడు. గోరంత తగ్గింది. ఆ గోరంత మీద ఇల్లంతా ఆ వారం బతికింది.

వదిన మళ్లీ మైకు దగ్గరికి మూడో నెలలో వెళ్లింది. దవడ మానేదాకా సెట్టు పెట్టుకోకూడదు కాబట్టి కింద పళ్లు లేవు. కొన్ని మాటలు గాలిగా వచ్చేవి. ఆవిడ దానికీ ఒక దారి కనిపెట్టింది. పళ్లు వర్క్‌షాపులో ఉన్నాయి, స్పేరు బండితో నడిపిస్తున్నాం, సర్దుకోండి అని మొదటిరోజే ప్రకటించింది. ప్లాట్‌ఫారాల మీద చప్పట్లు మోగాయట. పదకొండో నంబరు ఆ రోజు సరైన టైముకే వచ్చింది. ఆశ్చర్యపోకండి, మీ గడియారాలు బాగానే ఉన్నాయి అని చెప్పింది. ఆ వార్త తెచ్చిన చెల్లెలు గుమ్మంలోనే కూలబడి నవ్వింది.

నాలుగో నెలకి బుడిపె శనగగింజంత అయింది, ఐదో నెలకి పెసరగింజంత. అరలో బొమ్మలు వరసగా నిలబెడితే, పైకి ఎక్కిన మెట్లే మళ్లీ దిగి వస్తున్నట్టుండేది. పనిగదికి వచ్చినవాళ్లందరికీ మేస్త్రి ఆ వరస చూపించేవాడు. మాట తక్కువ మనిషి ఒక్కో బొమ్మ మీద పావుగంట మాట్లాడేవాడు. బంధువులు టీ తాగకుండా లేచిపోతున్నారని భార్య గోల పెట్టింది.

ఆరో నెల కత్తి డాక్టరు ఎక్స్‌రేని వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. నల్లటి ఖాళీలో తెల్లగా ఎముక అల్లుకుంటోంది. అంచులు గట్టిపడ్డాయి. మేస్త్రి సంచీలోంచి ఆరు దవడలు తీసి ఆయన బల్ల మీద వరసగా పెట్టాడు. డాక్టరు ఒక్కోదాన్నీ తీసి బొటనవేలితో తడిమాడు. ఆరోదాని దగ్గర వేలు ఆగలేదు. దవడ కొయ్యాల్సిన పని లేదన్నాడు. ఏడాదికోసారి రక్తం చూపించుకోమన్నాడు. కొత్త పళ్లు చేసుకోవచ్చన్నాడు. ఆ బొమ్మలు తన విద్యార్థులకి చూపించడానికి ఇస్తారా అని కూడా అడిగాడు. మేస్త్రి ఇవ్వలేదు. వాటికి అచ్చు తీసి ఇంకో ఆరు పోసి ఇస్తానన్నాడు.

కొత్త సెట్టు చెయ్యడానికి పన్నెండు రోజులు తీసుకున్నాడు. ఎప్పుడూ ఐదు రోజుల పని. పళ్ల రంగు మూడుసార్లు మార్చాడు. ముందు పన్ను ఒకటి కొంచెం వంకరగా పెట్టాడు, వదిన సొంత పన్ను అలాగే ఉండేదని ఆయనకి గుర్తు. పదమూడో రోజు మధ్యాహ్నం ఆవిణ్ణి పీట మీద కూర్చోబెట్టి, సెట్టు నోట్లో పెట్టి, నీలం కాగితం కొరికించి, రంగు ఎక్కడ అంటిందో చూసి, తీసి అరగదీసి, మళ్లీ పెట్టి, ఇలా గంట గడిపాడు. ఎడమపక్క నొక్కుతోందా అని పదిసార్లు అడిగాడు. పదకొండోసారికి ఆవిడ, నొక్కడం లేదు కానీ నువ్వు అడగడం నొక్కుతోంది అంది.

చిన్న శనగగింజ ఇచ్చాడు. నమిలింది. ఇంకోటి ఇచ్చాడు. అదీ నమిలి, చెయ్యి చాపి గిన్నె మొత్తం లాక్కుంది. కాసేపు ఆ గదిలో శనగలు నలిగే చప్పుడు తప్ప ఇంకేం లేదు.

మేస్త్రికి ఇంకా తృప్తి లేదు. వెనకవైపు అంచు ఒకచోట వెంట్రుకవాసి పదునుగా తోచింది. సెట్టు తీయించి మోటారు దగ్గరికి తీసుకెళ్లి, గుడ్డచక్రానికి తెల్ల ముద్ద రాసి, మెరుగు పెట్టాడు. నీళ్లల్లో కడిగి ఆవిడకిచ్చాడు. పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ ఉంది. ఆయన మోటారు ఆపలేదు. గుడ్డచక్రం దుమ్ము దులపాలని అటు తిరిగి దులుపుతూ, మాట్లాడటం మొదలుపెట్టాడు. మొహం చూస్తూ చెప్పలేని మాట ఇలా మోటారు హోరులో చెబితే సులువని అనుకున్నాడేమో. ఐదు నెలలు పోగొట్టిన తన చాకు గురించి, ఆ రోజు బస్సులో ఆవిడ నవ్వకపోయి ఉంటే తను ఈ పని మానేసి ఉండేవాడినని, అలాంటివేవో చెప్పాడు. చాలా పొడుగ్గానే చెప్పాడు. చెప్పి, మోటారు ఆపి, వెనక్కి తిరిగాడు.

పీట ఖాళీగా ఉంది. శనగల గిన్నె కూడా లేదు.

కిటికీలోంచి చూశాడు. వదిన వీధి సగం దాటేసింది. ఎదురొచ్చిన సైకిలతన్ని ఆపి ఏదో చెబుతోంది, అతను నవ్వు ఆపుకోలేక బండి దిగాడు. మైకు టైము ఐదింటికి. ఐదవడానికి ఏడు నిమిషాలుంది. గిన్నె చంకలో పెట్టుకుని ఆవిడ బస్టాండు వైపు వడివడిగా నడిచి, మలుపు తిరిగిపోయింది.